మూడు లైన్ల వార్త, 30 లక్షల హక్కు



హైదరాబాద్‌లో అద్దె ఇంటి కోసం తిరిగిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇది చెప్పక్కర్లేదు. ఫోన్లో "ఖాళీగానే ఉంది, రండి" అంటారు. తర్వాత నంబరు సేవ్ చేసుకుని వాట్సాప్ డీపీ చూస్తారు. అందులో బాబాసాహెబ్ ఉంటాడు. సాయంత్రానికల్లా "మా బంధువులు దిగుతున్నారండీ" అని జవాబు. నాకు రెండుసార్లు అయింది. అందరికీ కనిపించేదాన్ని పోగేసి, దాంట్లోంచి కనిపించని విషయం లాగే ఈ పనికి ఓపెన్ సోర్స్ ఇంటెలిజెన్స్ అని పెద్ద పేరుంది. ఇంటిపేరేంటి, ఏ పేట, మీ నాయన ఏం చేస్తాడు... ఊరు మన మీద తరతరాలుగా చేస్తున్నది ఇదే.

మరి మనమెందుకు చెయ్యం?

"ప్రభుత్వం సమాచారం దాస్తోంది" అని ప్రతి మీటింగులో అరుస్తాం. దాస్తోంది, నిజమే. దాచకుండా పడేసినదాన్ని మనం ఎప్పుడు ఏరుకున్నాం? 2021 జులైలో కేంద్రం రాజ్యసభలో, పాకీపని వల్ల ఎవరూ చనిపోలేదని చెప్పింది. "పచ్చి అబద్ధం" అని పోస్టులు పెట్టి పడుకున్నాం. అది అబద్ధం కంటే తెలివైన పని. 2013 చట్టం తెరిచి నిర్వచనాలు చదవండి. పాకీపని ఒక గది, మ్యాన్‌హోల్‌లోకీ సెప్టిక్ ట్యాంకులోకీ దిగే "ప్రమాదకర శుభ్రత" ఇంకో గది. శవాలన్నీ రెండో గదిలోకి నెట్టి, మొదటి గది ఖాళీ అని చూపించారు. చట్టం, పార్లమెంటు జవాబు రెండూ నెట్‌లోనే ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చదివిందెవరు?

జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో మూడు లైన్లు పడతాయి: సెప్టిక్ ట్యాంకులో ఊపిరాడక ఇద్దరు కూలీల మృతి. కూలీలట! మర్నాడు ఆ వార్త ఉండదు. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న, 1993 నుంచి ఇలా చనిపోయిన అందర్నీ గుర్తించి కుటుంబానికి 10 లక్షలివ్వమంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. పాత చావులకు ఇంకా డబ్బు అందనివాళ్లకూ అంతే. అంటే ఆ మూడు లైన్లు ఎవరూ కత్తిరించి పెట్టకపోతే ఒక తల్లి హక్కు పోయినట్టే.

ఇదేం కొత్త విద్య కాదు. అమెరికాలో ఐడా బి. వెల్స్ 1895లో లించింగుల లెక్క అచ్చేసింది. అంకెలు చికాగో ట్రిబ్యూన్‌వి. తెల్లవాళ్ల పేపరు లెక్కను తెల్లవాళ్లు కాదనలేరు కదా! బాబాసాహెబ్ 1936లో కులనిర్మూలనలో ఇండోర్ బలాయీల మీద పెట్టిన ఆంక్షల్ని టైమ్స్ ఆఫ్ ఇండియా వార్త నుంచే ఎత్తి చూపాడు. చక్వారాలో మనవాళ్లు విందులో నెయ్యి వడ్డించుకున్నందుకు కొట్టిన సంగతీ అందులో ఉంది.

ఇక నా తప్పు. ఒక చావు మీద కోపంతో చేతికొచ్చిన ఫొటో పెట్టేశాను. అది వేరే రాష్ట్రానిది, పాతది. రెండు గంటల్లో పట్టుకున్నారు. ఆ రోజంతా చర్చ నా ఫొటో మీదే, చనిపోయినవాడి మీద కాదు. కోపం సాక్ష్యం కాదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు రెండు పేపర్లు కలిపి చూస్తాను. ఎఫ్‌ఐఆర్ వెతుకుతాను. సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టరెవరో మున్సిపాలిటీ టెండరు కాగితాల్లో దొరుకుతాడు. కులం మాత్రం పేరు చూసి ఊహించను, కుటుంబాన్ని అడుగుతాను. డీపీ చూసి ఇల్లు లేదన్నవాడి పద్ధతి మనకొద్దు. వాళ్ల ఫోన్ నంబర్లు, ఇంటి ఫొటోలు పోస్టుల్లో పెట్టొద్దు. ఆ ఊళ్లో రేపు బతకాల్సింది వాళ్లే.

ఈ ఆదివారం మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లండి. పాత పేపర్ల కట్టలు తూకానికి వెయ్యొద్దని లైబ్రేరియన్‌ను ముందే బతిమాలి పెట్టుకోండి. తేదీ, పేజీ, పేరు, ఊరు, పోలీస్ స్టేషన్, ట్యాంకు ఎవరిది: ఈ ఆరూ నోట్‌బుక్కులో రాసి నాకు పంపండి. కామెంట్లో వద్దు, ఇన్‌బాక్స్‌లో.