రెండు పెగ్గులు గుండెకు మంచివన్న మాట ఎక్కడిది?

రోజూ కొంచెం పుచ్చుకుంటే గుండెకు మంచిదన్న మాట పెళ్లివిందుల్లో, ఆఫీసు పార్టీల్లో, ఒక్కోసారి డాక్టరు గదిలో కూడా వినిపిస్తుంది. చెప్పేవాళ్లు కావాలని అబద్ధమాడడం లేదు. పేరున్న పత్రికల్లో వచ్చింది, పెద్ద విశ్వవిద్యాలయాల వాళ్లు చెప్పారు, మనవాళ్లు నమ్మారు. అయితే ఆ పరిశోధనల లోపలికి వెళ్లి, ఎవరిని ఎవరితో పోల్చారో చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. మితంగా తాగేవాళ్ల బతుకుల్లో ఉన్న చదువు, డబ్బు, మంచి తిండి, నడక, వేళకు వైద్యం, వీటి ఫలాన్ని చాలావరకు తీసుకెళ్లి వాళ్లు తాగే మద్యం ఖాతాలో జమచేశారు.

ఈ నమ్మకం ఇంటింటికీ చేరింది 1991 నవంబరులో. అమెరికాలో సీబీఎస్ టీవీ ‘60 మినిట్స్’ కార్యక్రమంలో మోర్లీ సేఫర్ ‘ఫ్రెంచ్ పారడాక్స్’ గురించి చెప్పారు. ఫ్రాన్స్ వాళ్లు వెన్న, జున్ను, మాంసం దండిగా తింటారు, అయినా అమెరికన్లంతగా గుండెపోటుతో పోరు, అందుకు కారణం రెడ్ వైన్ కావచ్చన్నది ఆ కథనం సారాంశం. మరుసటి ఏడాదిలో అమెరికాలో రెడ్ వైన్ అమ్మకాలు సుమారు 40 శాతం పెరిగాయి. రోజుకు 20 నుంచి 30 గ్రాముల ఆల్కహాల్ గుండెజబ్బు ముప్పును కనీసం 40 శాతం తగ్గించగలదని ఫ్రెంచ్ శాస్త్రవేత్త సెర్జ్ రెనో 1992లో ‘లాన్సెట్’లో రాశారు. అదే ఏడాది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ ఇళ్లలో తాగినవాళ్లెవరూ రెనో లెక్కల్లో లేరు. ఆయన లెక్కలు వేరే మనుషులవి, వేరే తిండివి. అందులోంచి ముగింపు వాక్యం ఒక్కటే మన దాకా వచ్చింది.

ఫ్రాన్స్ ప్రభుత్వమే ఆ మాట మీద భరోసా పెట్టుకోలేదు. టీవీలో ఆ కథనం రావడానికి కొన్ని నెలల ముందే, 1991 జనవరిలో, మద్యం ప్రకటనలకు కళ్లెం వేస్తూ చట్టం చేసింది. ఫ్రెంచ్ పారడాక్స్ అన్న ఆ వింతలో కొంత భాగం కాగితాల మీదిదేనని 1999లో బ్రిటిష్ పరిశోధకులు మాల్కమ్ లా, నికొలస్ వాల్డ్ వాదించారు. గుండెజబ్బు చావుల్లో కొన్నిటిని ఫ్రెంచ్ డాక్టర్లు ఆ పేరుతో నమోదు చేయలేదన్నారు. పైగా ఫ్రాన్స్‌లో జంతుకొవ్వు తినడం పెరిగింది అప్పటికి కొద్దికాలం కిందటే, దాని ఫలితం గుండెలో కనబడడానికి ఏళ్లు పడుతుంది.

అసలు చిక్కు ‘తాగనివాళ్లు’ అన్న గడిలో ఉంది. బ్రిటన్‌లో గెరాల్డ్ షేపర్ బృందం 1988లోనే దీన్ని పట్టుకుంది. లివరు దెబ్బతిని మానేసినవాళ్లు, గుండెకు స్టెంటో బైపాసో అయ్యాక డాక్టరు మాట మీద మానేసినవాళ్లు, రోజూ వేసుకునే మాత్రలకు పడదని ముట్టుకోనివాళ్లు, వీళ్లందరూ సర్వేలో ‘తాగనివాళ్లు’ అయిపోతారు. ఇటు పక్క మితంగా తాగుతున్నవాళ్లు, అంటే తాగగలిగేంత ఆరోగ్యం ఇంకా మిగిలినవాళ్లు. ఈ రెండు గుంపుల్నీ పోలిస్తే రెండోది మెరుగ్గా కనబడడంలో ఆశ్చర్యమేముంది? 2005లో అమెరికాలో టిమతీ నెయిమీ బృందం గుండెజబ్బుకు సంబంధించిన 30 అంశాలు తీసుకుని చూస్తే, అందులో 27 తాగనివాళ్లలోనే ఎక్కువగా ఉన్నాయి. బరువు, బీపీ, షుగరు, చదువు, ఆదాయం, ఇన్సూరెన్స్, ఏ వరస చూసినా మితంగా తాగేవాళ్లదే పైచేయి. రోజుకొక గ్లాసు వైన్ తాగితే ఆదాయమూ డిగ్రీలూ రావు కదా!

ఇదే సంగతిని డెన్మార్క్ పరిశోధకులు ఇంకా దగ్గరగా చూశారు. వాళ్లు ఎవరినీ ఏ ప్రశ్నా అడగలేదు, సూపర్‌మార్కెట్ బిల్లులు తీశారు. 98 దుకాణాల్లో ఆరు నెలల పాటు జరిగిన 35 లక్షల కొనుగోళ్లను పరిశీలించి, 2006లో ఫలితాలు ప్రకటించారు. వైన్ కొన్నవాళ్ల బుట్టలో ఆలివ్‌లు, పళ్లు, కూరగాయలు, కోడిమాంసం, కొవ్వు తీసిన పాలు ఎక్కువ. బీరు కొన్నవాళ్ల బుట్టలో రెడీమేడ్ భోజనాలు, చక్కెర, చిప్స్, సాసేజీలు, కూల్‌డ్రింకులు ఎక్కువ. ఇక ఏ గుంపు గుండె బాగుందో చూసి ఆ గొప్పను సీసాకు కట్టబెడితే బుట్టలో మిగతా సరుకులు ఏమైనట్టు? మన దగ్గర ఇలాంటి బిల్లులు ఎవరైనా తీస్తే ఏం కనబడుతుందో ఊహించడం కష్టం కాదు. క్వార్టర్ పక్కన ఆలివ్‌లు ఉండవు. మిర్చిబజ్జీ, చికెన్ సిక్స్టీఫైవ్, ఉప్పూకారం దట్టించిన పల్లీలు, మధ్యలో రెండు సిగరెట్లు, అర్ధరాత్రి బిర్యానీ ఉంటాయి.

ఆల్కహాల్ గుండెకు ఎలా మేలు చేస్తుందని అడిగితే చెప్పిన ముఖ్యమైన జవాబు, అది మంచి కొలెస్ట్రాల్‌ను, అంటే హెచ్‌డీఎల్‌ను పెంచుతుందని. పెంచే మాట నిజమే. కానీ హెచ్‌డీఎల్ పెంచితే గుండెపోట్లు తగ్గుతాయన్న ఆశే నిలవలేదు. దాన్ని బాగా పెంచే టార్సెట్రాపిబ్ అనే మందును ఫైజర్ కంపెనీ 2006లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, వేసుకున్నవాళ్లలో చావులు ఎక్కువయ్యాయి కనుక. ఆ తర్వాత నయాసిన్ మీద చేసిన పెద్ద పరీక్షలూ నిరాశే మిగిల్చాయి. ఇక రెడ్ వైన్‌లో ఉండే రెస్వెరట్రాల్ సంగతి. దాని మీద నడుస్తున్న కంపెనీని గ్లాక్సో 2008లో 72 కోట్ల డాలర్లు పోసి కొన్నది, 2013లో మూసేసింది. ఇటలీలో కియాంతీ ప్రాంతపు వృద్ధులు 783 మందిని తొమ్మిదేళ్లు గమనించి 2014లో చెప్పిందేమిటంటే, ఒంట్లో రెస్వెరట్రాల్ ఎక్కువున్నా తక్కువున్నా గుండెజబ్బులో, కేన్సర్‌లో, ఆయుష్షులో తేడా లేదని.

నాకు అన్నిటికంటే బలంగా తోచిన ఆధారం చైనాది. తూర్పు ఆసియా జనంలో చాలామందికి పుట్టుకతోనే ఒక జన్యుమార్పు ఉంటుంది. కాస్త తాగినా ముఖం ఎర్రబడుతుంది, గుండె దడ వస్తుంది, వికారం పెడుతుంది. దాంతో వాళ్లు తాగేదే తక్కువ. జన్యువు మనిషి జీతం చూసి రాదు, జబ్బు చేసింది కదా అని మారదు. కాబట్టి జన్యువును బట్టి గుంపులు విడదీస్తే ఇందాకటి కలగాపులగం చాలావరకు విడిపోతుంది. ఆక్స్‌ఫర్డ్, పెకింగ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఐదు లక్షల మందిని సుమారు పదేళ్లు గమనించి, అందులో లక్షా అరవై వేల మంది జన్యువులు పరీక్షించి 2019లో ఫలితాలు వెల్లడించారు. మామూలు పద్ధతిలో లెక్కిస్తే కొంచెం తాగే మగవాళ్లకు పక్షవాతం తక్కువున్నట్టే వచ్చింది. జన్యువుల లెక్కలో ఆ మేలు మాయమైంది. తాగుడు పెరిగే కొద్దీ పక్షవాతం పెరుగుతూనే పోయింది, గుండెపోటు విషయంలో స్పష్టమైన లాభం కనబడలేదు. అదే జన్యువులున్న ఆడవాళ్లలో ముప్పు తేడా లేదు, ఎందుకంటే అక్కడ ఆడవాళ్లు దాదాపుగా తాగరు. దోషం జన్యువుది కాదని దీంతో రూఢి అయింది.

నిజంగా మందులాగే పరీక్షించి చూద్దామన్న ప్రయత్నమూ ఒకటి జరిగింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 10 కోట్ల డాలర్లతో, 7,800 మందితో తలపెట్టింది. సగం మంది రోజుకొక డ్రింకు తాగాలి, మిగతా సగం మానాలి. ఖర్చులో పెద్ద వాటా ఆన్‌హ్యూజర్ బుష్, హైనెకెన్, డియాజియో వంటి మద్యం కంపెనీలది. ఆ డబ్బు కోసం అధికారులూ శాస్త్రవేత్తలూ ముందుగానే కంపెనీలను కలిశారని, ఫలితం వాళ్లకు అనుకూలంగా వస్తుందన్న ఆశ చూపారని బయటపడింది. 2018 జూన్‌లో సంస్థ డైరెక్టర్ ఫ్రాన్సిస్ కాలిన్స్ పరీక్షను రద్దు చేశారు. కొద్ది ఏళ్లలోనే ముగిసేలా రూపొందిన ఆ పరీక్షలో కేన్సర్ ముప్పు ఎలాగూ తేలదు. జనం ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నను అమ్మేవాళ్ల డబ్బుతో అడగడం నా దృష్టిలో క్షమించరానిది.

అవతలి పక్షం వాదన లేకపోలేదు. అమెరికా జాతీయ అకాడెమీల సంఘం 2024 డిసెంబరులో పాత అధ్యయనాలను మళ్లీ తిరగేసి, ఎన్నడూ తాగనివాళ్లతో పోలిస్తే మితంగా తాగేవాళ్లలో చావులు 16 శాతం తక్కువగా ఉన్నాయని చెప్పింది. మానేసినవాళ్లను విడదీసి చేసిన లెక్క కనుక దీన్ని కొట్టిపారేయను. కానీ అదీ పరిశీలన మాత్రమే, డెన్మార్క్ బుట్టల చిక్కు దానికీ ఉంది. పైగా మితంగా తాగినా ఆడవాళ్లలో రొమ్ము కేన్సర్ ఎక్కువేనని అదే నివేదిక చెప్పింది. ఆ వాక్యం మన వార్తల్లో ఎంత చోటు సంపాదించింది?

కేన్సర్ దగ్గరికొచ్చేసరికి తటపటాయింపు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం 1988లోనే మద్య పానీయాలను కేన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు ఉన్న వర్గమే అది. ఆల్కహాల్ ఒంట్లో ఎసిటాల్డిహైడ్‌గా మారి కణాల్లోని డీఎన్ఏను దెబ్బతీస్తుంది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, లివరు, పెద్దపేగు, రొమ్ము, ఈ ఏడు చోట్లా ముప్పు పెరుగుతుంది. గుట్కా, ఖైనీ, బీడీ అలవాటున్న మనిషి తాగితే నోటికి, గొంతుకు వచ్చే ముప్పు రెండింటి కూడిక కాదు, అంతకు మించినది. నోటి కేన్సర్ పొరుగింటి జబ్బుగా మనకు బాగా తెలిసిందే.

ఇక కొలతల మాట. విదేశీ అధ్యయనాల్లో ఒక డ్రింకు అంటే అమెరికా లెక్కన 14 గ్రాముల ఆల్కహాల్. మన విస్కీ, బ్రాందీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో అది సుమారు 77 మిల్లీలీటర్లు, తూకంలో దగ్గర దగ్గర 61 గ్రాములు. అంటే నాలుగు డ్రింకులకు పైనే. ‘నైంటీ’ ఒక్కటే రెండు డ్రింకులు దాటుతుంది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతందైతే 41 గ్రాములు, దాదాపు మూడు డ్రింకులన్నమాట. రెనో చెప్పిన 20–30 గ్రాముల్లో క్వార్టర్ ఎక్కడ ఇముడుతుంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు దేశం మొత్తం మీద 19 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం, తెలంగాణలో 43 శాతం. ఇంతమందికి వర్తించే మాట చెప్పేటప్పుడు ఆచితూచి చెప్పాలి. 52 దేశాల్లో గుండెపోట్లపై జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం నుంచి దక్షిణాసియా వివరాలను విడిగా తీసి 2007లో ప్రచురించినప్పుడు, మిగతా చోట్ల కనబడిన ఆ కాస్త రక్షణ కూడా మనవాళ్లలో కనబడలేదు.

చలికి బ్రాందీ, కిడ్నీలో రాళ్లకు బీరు అనే వైద్యాలు ఈ గుండె మాట కంటే పాతవి. బ్రాందీ చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంది. జలుబుతో ఉన్న పసిపిల్లలకు చెంచాడు పట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది ప్రాణం మీదికి తెస్తుంది. రాయి అడ్డుపడ్డ కిడ్నీకి బీరు నొప్పిని పెంచుతుంది. మూత్రం బాగా రావడానికి మంచినీళ్లు చాలు.

మద్యం ఆరోగ్యానికి హానికరమని మన సీసాల మీద రాస్తున్నారు. అన్నీ చెప్పి ఏమీ చెప్పని వాక్యమది. ప్రతి సీసా మీదా అందులో ఎన్ని గ్రాముల ఆల్కహాల్ ఉందో, అది ఏయే కేన్సర్లకు కారణమవుతుందో పెద్ద అక్షరాల్లో తెలుగులో అచ్చువేయించాలి. కేన్సర్ హెచ్చరికను తప్పనిసరి చేస్తూ ఐర్లాండ్ 2023లో నిబంధనలు చేసి, ఆ తర్వాత వ్యాపారుల ఒత్తిడి మధ్య అమలును 2028కి జరిపింది. అమ్మకాల ఆదాయం మీద ఆధారపడ్డ మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు తమంతట తాము కదలవు. డాక్టర్లు మొదలుపెట్టగలరు. “కొంచెం పుచ్చుకోవచ్చా డాక్టరు గారూ?” అని అడిగిన మనిషితో, గుండె కోసమైతే అక్కర్లేదని నోరు తెరిచి చెప్పడం, తర్వాత అతను రోజూ ఎంత తాగుతున్నాడో గ్రాముల్లో లెక్కగట్టి చీటీ మీద రాసివ్వడం ఈ రోజే చేయగల పని.