తడిసిన యంత్రమును పారవేయుట ఎవరి మేలునకు?

ధన్నూర తెలుగు సోదర సోదరీమణులకు ఒక మాట. గత మాసమున మా యింట లాప్‌టాప్‌పై చాయ ఒలికినది. ఆ క్షణముననే విద్యుత్తు ఆపివేసితిమి. మరునాడు దుకాణమునకు కొనిపోగా, మూతయైనను విప్పక, “ఇది పోయినది, క్రొత్తది కొనుడు” అనిరి. ఇంటికి తెచ్చి మేమే విప్పి, తుడిచి, ఆరబెట్టితిమి. చెడినది కీబోర్డు మాత్రమే. దానిని మార్చగా యంత్రము నేటికిని పనిచేయుచున్నది.

ఇది అదృష్టమని కొందరందురు. కానే కాదు. యంత్రమును చంపునది కేవలము నీరు కాదు. నీటిలోని లవణములు, వానిలో ప్రవహించు విద్యుత్తు కలిసి రాగి దారులకు చిలుము పట్టించును. పాలు, చక్కెర జిగటగా మిగిలి తేమను నిలుపును. కావున వెంటనే యంత్రము నాపి, ఛార్జరు తీసి, తలక్రిందులుగా నిలుపవలెను. పిదప అడుగు మూత విప్పి, బ్యాటరీ తొలగించి, తొంబది శాతమునకు తగ్గని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మెత్తని కుంచె నుపయోగించి శుభ్రపరచవలెను. దరిదాపుల నిప్పు ఉండరాదు. రెండు దినములు గాలికి ఆరనీయవలెను. పొయ్యి సెగ చూపరాదు. బియ్యములో పాతిపెట్టుట వట్టి భ్రమ. తడిసిన ఫోనులను బియ్యములో ఉంచవలదని ఆపిల్ సంస్థయే 2024లో హెచ్చరించినది.

“ఇది నిపుణుల పని, ఇంటివారికేల?” అను వాదము కలదు. బ్యాటరీ ఉబ్బినను, వేడెక్కినను తాకక నిపుణునికే అప్పగింపవలెను. ఇందులో వివాదము లేదు. కాని బ్యాటరీని జిగురుతో అంటించి, కీబోర్డును చట్రమునకు రివెట్లతో బిగించి, విడిభాగములు అమ్మక, విప్పు విధానము దాచిపెట్టి, “మీకు చేతకాదు” అని నిందించుట ఏ న్యాయము? ఫ్రాన్సు దేశమున 2021 నుండి లాప్‌టాప్‌లపై అవి ఎంత సులభముగా బాగుపడునో పదికి అంకెవేసి చూపవలెనని నియమము తెచ్చిరి. మన కేంద్ర ప్రభుత్వము 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పేర పోర్టలు తెరచినది. మేలే. అయినను పోర్టలు వేరు, హక్కు వేరు.

మనకిది కేవలము ధనవ్యయపు మాట కాదు. 1956లో బీదరు మైసూరు రాష్ట్రమున చేరినది మొదలు తెలుగును ఇంట నిలుపుకొను భారము మనపైననే పడినది. నేడు పిల్లలు తెలుగు అక్షరములు దిద్దునది, పెద్దల ఛాయాచిత్రములు దాచుకొనునది ఈ యంత్రముననే. తక్కిన భాగములు చెడినను అందలి నిల్వఫలకము పెక్కుమారులు బ్రతికియే యుండును. పరీక్షింపక పారవేసినచో ఆ సంపదయు చెత్తకుప్పలో కలియును.

చిల్లుపడిన బిందెకు మాటు వేయించిన పెద్దల సంతతి మనము. సంఘము ఒక స్క్రూడ్రైవర్ల పెట్టెను, ఒక కుంచెను కొని కార్యాలయమున ఉంచవలెనని కోరుచున్నాను. క్రొత్త యంత్రము కొనునపుడు ప్రతివారును రెండు ప్రశ్నలు అడుగుడు: బ్యాటరీని మరలు విప్పి తీయవచ్చునా? కీబోర్డు విడిగా దొరకునా? సమాధానము చెప్పనివాని సరుకు మన గడప త్రొక్కనీయకుడు.