భోజనపు బల్లయొద్ద సముద్రవిద్య

సంపన్నులు కూడి భుజించు చోట లోకమునకు పనికివచ్చు మాట పుట్టునని చెప్పినచో మన పాఠకులలో పలువురు నవ్వవచ్చును. మన దేశములో క్లబ్బు అనిన పేకాటకును, పానమునకును, అధికారుల ప్రాపకమునకును మాఱుపేరుగ చిరకాలము చెల్లినది. అయినను అమెరికాలో, శాన్ ఫ్రాన్సిస్కో నగరమున 1927లో స్థాపితమైన సెయింట్ ఫ్రాన్సిస్ యాట్ క్లబ్బువారు ఏండ్ల తరబడి సాగించుచు వచ్చిన యొక యాచారము విచారింపదగినది. బుధవారము మధ్యాహ్నమున సభ్యులును, సోదర క్లబ్బుల వారును భోజనమునకు చేరుదురు. సముద్రము నెఱిగిన అతిథి యొకడు ప్రసంగించును. పందెపు నావికుడు, ఓడ కప్తాను, నౌకాశిల్పి, సముద్రశాస్త్రజ్ఞుడు, ఇట్టివారెవరైనను కావచ్చును. పిదప శ్రోతలు ప్రశ్నింతురు. ఇంతియే తంతు.

ఈ తంతు స్వల్పమని త్రోసివేయరాదు. ఆ నగరపు ముఖద్వారమగు గోల్డెన్ గేట్ జలసంధి ఇఱుకైన చోట మైలు వెడల్పు మాత్రమే యుండును. లోపలి విశాలమైన అఖాతపు నీరు పోటునకు లోనికి వచ్చుటయు, పాటునకు వెలికి పోవుటయు ఆ సందునుండియే. దానికి తోడు పొగమంచు. విహారనౌకయు, చేపల పడవయు, వేయడుగుల సరకుల ఓడయు ఆ నీటిపైననే నడువవలయును. ఒకరి పని మఱియొకరికి తెలియని యెడల అది అందఱికిని అపాయమే.

ఇందుకు నిదర్శనము దూరమున వెదుక నక్కఱలేదు. 2007 నవంబరు 7వ తేదీ ఉదయమున 901 అడుగుల పొడవుగల కాస్కో బూసాన్ అను ఓడ పొగమంచులో ఓక్లండు వంతెన స్తంభపు రక్షణకట్టును ఒఱసికొనెను. 53,000 గాలనులకు మించిన తైలము నీటిపాలయ్యెను. వేలకొలది పక్షులు చచ్చెను. తొలుత ప్రకటించిన లెక్క 140 గాలనులు మాత్రమే. నిజము ప్రజల చెవిని పడుటకు గంటలు పట్టెను. అమెరికా రవాణా భద్రతా మండలి విచారణ జరిపి, ఔషధముల వాడుకచే రేవు మార్గదర్శి బుద్ధిచుఱుకు తగ్గియుండుట ఒక కారణమనియు, బయలుదేరుటకు ముందు మార్గదర్శియు కప్తానును ప్రయాణమును గూర్చి సమగ్రముగ సంప్రదించుకొనకపోవుట మఱియొకటి యనియు తేల్చెను. రాడారు గలదు, పటము గలదు, అనుభవము గలదు, నోటిమాట కఱవయ్యెను. బుధవారపు భోజనములచే ఓడలు ప్రమాదములు మానునని మేమనము. తెలిసినవానిని అడుగుటకు సిగ్గుపడని అలవాటు మాత్రము ఇట్టి చోటులందే పెరుగును. ఆ అలవాటు లేనిచోట ఎంతటి యంత్రమును రక్షింపజాలదు.

నౌకావ్యాపారమున లోకమునేలిన జాతులు ఈ రహస్యమును ముందే గ్రహించినవి. 17వ శతాబ్ది చివర లండనులో ఎడ్వర్డ్ లాయిడ్ అనునతడు ఒక కాఫీ అంగడి పెట్టెను. ఓడల యజమానులు, కప్తానులు, వర్తకులు అచ్చట చేరి ఏ ఓడ వచ్చినది, ఏది మునిగినది అని ముచ్చటించుకొనిరి. ఆ ముచ్చటల నుండియే లాయిడ్స్ అను జగత్ప్రసిద్ధమైన నౌకాబీమా సంస్థ పుట్టెను. 1734 నుండి ఓడల వార్తాపత్రికయు వెలువడెను. కాఫీ గిన్నెల నడుమ పుట్టిన తెలివి సామ్రాజ్యపు నౌకలకు అండయైనది. ఆ నౌకలే మన నేతపనిని, మన ఓడపనిని కూలద్రోసినవను సంగతి మనము మఱువరాదు. అట్లని వారి బలమునకు మూలమేదో తెలిసికొనుటయు మానరాదు.

విజ్ఞానము తలుపుల వెనుక దాగిన యెడల అది కులమువలె గడ్డకట్టును. 1846లో నెలకొన్న బొంబాయి యాట్ క్లబ్బునందు స్వాతంత్ర్యమునకు పూర్వము భారతీయునకు సభ్యత్వమే లేదు. భారతసముద్రముపై తెరచాప లెత్తుచు, భారతీయుని గడప వెలుపల నిలిపిరి! కాలము తీర్పు చెప్పినది. ఆ క్లబ్బువారి పాత భవనమునకే 1949లో టాటా మౌలిక పరిశోధన సంస్థ తరలివచ్చెను. హోమీ భాభా నాయకత్వమున మన యువకులు అచ్చట అణుశాస్త్ర మభ్యసించిరి. శాన్ ఫ్రాన్సిస్కోవారు తమ ప్రసంగములలో కొన్నింటిని బయటివారును చూచుటకు వీలుగ అంతర్జాలమున నుంచిరి. భోజనము సభ్యులకైనను, మాట యందఱిదైనది. ఇది మెచ్చదగిన పద్ధతి.

మనకు సుమారు వేయి కిలోమీటర్ల తీరము గలదు. కోరంగి ఓడలకు ప్రసిద్ధి వహించిన రేవు. మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దిలోనే సముద్రవర్తకులకు అభయశాసన మిచ్చెను. విశాఖపట్టణమున నిర్మితమైన జల ఉష 1948లో నెహ్రూ చేతులమీదుగ నీట దిగెను. నేడు చేపలు దొరకు తావులను జాలరులకు తెలుపు జాతీయ సముద్ర సమాచార కేంద్రము సముద్రమునకు దూరమున హైదరాబాదులో నున్నది. కాని ఆ శాస్త్రజ్ఞుడును, మన తండేలును ఒక బల్లయొద్ద కూర్చుండి అన్నము తినుట మన యూళ్లలో వాడుకైనదా?

2018 నవంబరులో గుజరాతు తీరము నుండి వేటకు వెడలిన ఉత్తరాంధ్ర జాలరులు కనబడని సరిహద్దు దాటిరని పాకిస్తాను చెఱలో పడిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో విడుదలై యిండ్లు చేరిరి. నీటిమీద సరిహద్దు ఎట్లు తెలియును, తెలియక దాటినచో ఏమగును, సొంత తీరము విడిచి అంతదూరమేల పోవలసి వచ్చెను అను ప్రశ్నలకు వారికంటె చక్కగ ప్రసంగింపగల విద్వాంసుడెవడు? వారికి పూలదండలు వేసితిమి; వారి మాట వినుటకు ఎన్ని సభలు చేసితిమి?

కావున మా సూచన యిది. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు మరపడవల వేట నిషిద్ధము. ఆ 61 దినములలో పడవలు ఒడ్డున నుండును, తండేళ్లకు తీరిక యుండును. ఎనిమిది బుధవారములైన దొరకును. విశాఖ, కాకినాడ, మచిలీపట్టణములందు రేవు అధికారులును, విశ్వవిద్యాలయమువారును, వర్తకులును కలిసి ఎనిమిది భోజనములు పెట్టలేరా? విహారనౌకలు లేకున్నను లోటులేదు. అన్నమును చేపల పులుసును చాలును. ప్రసంగము తెనుగున నుండవలెను. మొదటి యాసనము సముద్రముపై బ్రతుకువానికీయవలెను. వాతావరణోద్యోగి చెప్పుట యెంత ముఖ్యమో, ఏ హెచ్చరిక తమకు ఆలస్యముగ అందినదో జాలరి లేచి చెప్పుటయు అంత ముఖ్యము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది ప్రాణములు పోయినవి. హెచ్చరించువానికిని వినువానికిని పరిచయము తుపాను నాడు కలుగదు. ఎండ కాయునాడే కలుగవలెను.