నిద్రకు మినహాయింపా?

ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదని మన పెద్దలందురు. నిద్ర ముంచుకొని వచ్చినవానికి పరుపుతో పనిలేదు. బండి నొగమీదనైనను, పొలము మంచెమీదనైనను అది వచ్చితీరును. 30,000 అడుగుల యెత్తున 180 మంది ప్రాణములను చేతిలో నుంచుకొని కూర్చున్న విమానచోదకునికిని వచ్చును. ఈ సత్యము పల్లెటూరి బండివానికి తెలియును. విమానసంస్థల యజమానులకును, వారిని అదుపులో నుంచవలసిన ప్రభుత్వమునకును తెలియదని మేము నమ్మజాలము. తెలిసియు తెలియనట్లు నడచుకొనుచున్నారని మా అభియోగము.

2010 మే 22వ తేదీ ఉదయము దుబాయినుండి వచ్చిన విమానము మంగుళూరులో కొండమీది రన్‌వేను దాటిపోయి లోయలో బడి దగ్ధమయ్యెను. అందున్న 166 మందిలో 158 మంది మరణించిరి. విచారణసంఘమువారు విమానములోని శబ్దలేఖన యంత్రమును వినగా, గంటన్నరకు పైగా చోదకుల నడుమ మాటలు లేవు. నడుమనడుమ గురక మాత్రము వినవచ్చెను. నిద్రనుండి లేచిన ప్రధానచోదకుడు ఉండవలసినదానికంటె మిక్కిలి యెత్తుననుండి విమానమును దింపబూనెను. దిగవలదు, మరల పైకి లేపుడని సహచోదకుడు ముమ్మారు చెప్పినను ఫలము లేకపోయెను. దీర్ఘనిద్ర తరువాతి మత్తు వీడకపోవుటయు ఈ ఘోరమునకు తోడ్పడియుండునని సంఘమువారు వ్రాసిరి.

2020 ఆగస్టు 7న కోళిక్కోడులో వర్షమునడుమ దిగిన విమానము రన్‌వే దాటి పడగా 21 మంది మరణించిరి. అచ్చట ప్రధానచోదకులు చాలినంతమంది లేరనియు, మరునాటి ఉదయము ఆ చోదకుడే మరియొక విమానమును నడపవలసియుండె ననియు, ఎట్లైనను అచ్చటనే దిగవలెనను ఆతురత దానివలన కలిగిన దనియు విచారణలో తేలెను. మంగుళూరులో దోషము నిద్రమత్తు. కోళిక్కోడులో దోషము మనుష్యుల కొరత. రెండింటి మూలమును పనిపట్టికలోనే వెదుకవలెను.

విమానమెక్కుటకు ముందు చోదకుని శ్వాసను యంత్రముతో పరీక్షించుచున్నారు. మద్యపు ఛాయ కనబడినచో వానిని విధికి పోనీయరు. ఇది మంచి కట్టుబాటు. కాని 17 గంటలు ఎడతెగక మేల్కొనియున్నవాని నేర్పు, రక్తములో 0.05 శాతము మద్యము గలవాని నేర్పువలెనే దిగజారునని 1997లోనే శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తెల్లవారుజామున 2 గంటలకును 6 గంటలకును నడుమ మానవదేహము సహజముగనే సోలిపోవును. ఒక గ్రుక్కెడు మద్యమునకు లేని క్షమ నిద్రలేమికి ఎందులకు?

ఈ ప్రశ్నకు సమాధానముగ 2024 జనవరి 8న పౌరవిమానయాన డైరెక్టరేటువారు నూతన నియమములను ప్రకటించిరి. వారపు విశ్రాంతి 36 గంటలనుండి 48 గంటలకు పెరిగెను. రాత్రి యనగా 12 గంటలనుండి 5 వరకు గాక 6 వరకు అని మార్చిరి. రాత్రివేళ ఒక చోదకుడు 6 మారులవరకు విమానమును దింపవచ్చునను పాతయేర్పాటును 2 మారులకు తగ్గించిరి. ఇవి 2024 జూన్ 1 నుండి అమలు కావలసినవి. సంస్థలు మొరపెట్టుకొనగా వాయిదా పడినవి. చోదకుల సంఘములు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కిన పిమ్మట 2025 జూలై 1న కొన్ని, నవంబరు 1న మిగిలినవి అమలునకు వచ్చినవి. అనగా సంస్థలకు దొరికిన వ్యవధి ఇంచుమించు రెండేండ్లు.

ఆ రెండేండ్లలో జరిగిన సన్నాహమేమో 2025 డిసెంబరు తొలివారమున దేశము చూచెను. ఆకాశయానములో సగమునకు పైగా భారము మోయు సంస్థయే, నియమములకు సరిపడ చోదకులు లేక వేలకొలది ప్రయాణములను రద్దుచేసెను. డిసెంబరు 5న ఒక్కనాడే రద్దయినవి 1,000కి పైబడినవి. శంషాబాదులో శబరిమలకు బయలుదేరిన అయ్యప్పభక్తులు దారిలేక నిరసన తెలిపిరి. పెండ్లికి పోవువారు, చికిత్సకు పోవువారు విమానాశ్రయముల గచ్చుమీద రాత్రులు గడపిరి. అదేనాడు డైరెక్టరేటువారు ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు రాత్రి నియమములనుండి మినహాయింపు నొసంగిరి. సెలవును వారపు విశ్రాంతిక్రింద లెక్కవేయరాదన్న నిబంధనను అన్ని సంస్థలయెడలను ఉపసంహరించుకొనిరి. తప్పు చేసినది యజమాని. విశ్రాంతి పోగొట్టుకొన్నది చోదకుడు.

లక్షలమంది దిక్కుతోచక నిలిచియుండగా ప్రభుత్వము మరేమి చేయగలదని కొందరు అడుగుచున్నారు. ఆ ప్రయాణికుల కష్టమును మేము తక్కువచేసి చెప్పుటలేదు. కాని వారిని గమ్యము చేర్చుటకు చోదకులనే నియమించి, అలసినవారిని నియమించుట ఉపకార మగునా? చోదకులు ఎందరో విమానములు అన్ని. మిగిలిన టిక్కెట్లకు సొమ్ము వాపసు. ఇది చేయదగిన పని. నియమము ఉల్లంఘించినవానికి రద్దీ కల్పించు బలమున్నచో నియమమే వంగునని సంస్థలన్నియు ఆనాడు పాఠము నేర్చుకొన్నవి. 2026 జనవరిలో ఆ సంస్థకు 22.20 కోట్ల రూపాయల జరిమానా విధించిరి. 2024-25లో 7,200 కోట్లకు పైగా లాభమార్జించిన సంస్థకు ఈ జరిమానా ఒక ఖర్చుపద్దు మాత్రమే.

ఆనాడు పౌరవిమానయాన మంత్రిత్వమును వహించినవారు మన శ్రీకాకుళము ప్రతినిధి. తెలుగుబిడ్డకు ఆ పదవి దక్కినందుకు సంతసించినవారిలో మేమును ఉన్నాము. కనుకనే సంకోచము లేక అడుగుచున్నాము: రెండేండ్ల గడువులో ఏ సంస్థ ఎందరు చోదకులను చేర్చుకొన్నదో నెలనెల లెక్క యడిగియుండరాదా? చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట పాలన యనిపించుకొనదు.

ఆపద ఆకాశముననే యున్నదని భ్రమపడరాదు. విమానయాన చరిత్రలో ప్రమాదవశమున జరిగిన ఘోరములలోకెల్ల ఘోరమైనది నేలమీదనే జరిగెను. 1977 మార్చి 27న తెనెరీఫ్ దీవిలో రెండు పెద్ద విమానములు మంచులో రన్‌వేమీదనే ఢీకొని 583 మంది మరణించిరి. మన ముంబయిలో 2024 జూన్ 8న ఒక విమానము లేచిపోవుచుండగనే అదే రన్‌వేమీద వెనుకనుండి మరియొకటి దిగెను. దైవవశమున ఎవ్వరికిని హాని కలుగలేదు. నియంత్రణాధికారిని విధినుండి తప్పించిరి. ఒకనిని తప్పించుట సులభమైన పని. నియంత్రణ గోపురములో ఎందరుండవలెనో, ఎందరున్నారో, ఎన్ని గంటలు కూర్చుండిరో తేల్చుట కష్టమైన పని. ముంబయిలో 2015 డిసెంబరులో ఒక సాంకేతిక కార్మికుని విమానపు ఇంజను లోనికి లాగుకొని చంపెను. కోల్‌కతలో 2019 జూలైలో మరియొకడు చక్రముల తలుపులనడుమ నలిగి మరణించెను. చోదకునికి కాగితముమీదనైనను గంటల లెక్క కలదు. అర్ధరాత్రి మరలు బిగించువాని లెక్క, సామానులు మోయువాని లెక్క, వాహనము త్రోలువాని లెక్క ఎవరు అడుగుచున్నారు? వానికి రెప్ప వాలినను విమానమునకు అపాయమే.

కావున మేము కోరునది మూడు విషయములు. విశ్రాంతి నియమములనుండి ఏ సంస్థకును, ఏ కారణముచేతను మినహాయింపు ఈయరాదు. చోదకులు చాలనిచో విమానములనే తగ్గింపవలెను. అలసితినని వ్రాసియిచ్చిన చోదకునికి శిక్షగాని వేధింపుగాని ఉండరాదు. ఆ విన్నపమును త్రోసివేసినచో కారణమును బహిరంగముగ ప్రకటింపవలెను. నియంత్రణ గోపురమునుండి సామానుల బండివరకు, విమానముతో పనిగల ప్రతివానికిని విధిగంటల హద్దు చట్టముచే నిర్ణయింపవలెను.

చౌక టిక్కెట్టు కొనుక్కొను మనకును ఇందులో బాధ్యత కలదు. విమానము రద్దయిన నాడు కేకలు వేయుదుము. చోదకుడు నిద్రలేక వచ్చిన నాడు ఏమియు తెలియక లోపల కూర్చుందుము. మంగుళూరులో మరణించిన 158 మందియు అట్లే తెలియక కూర్చున్నవారు. వారి పక్షమున అడుగువారు లేరు గనుక మేమడుగుచున్నాము. పాఠకులును అడుగవలెనని ప్రార్థించుచున్నాము.