"బాగుందా?" అనడిగితే ఏటి తెలుస్తాది?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మిలట్రీకెల్లిన మనిషి ఉన్న ఇల్లు కొత్తేటి కాదు. ఆ ఇళ్లకి ఆసరాగా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు, 2003 నుంచి ఈసీహెచ్‌ఎస్ వైద్యం, పింఛనుకి స్పర్శ్ పోర్టల్ ఉన్నాయి. ఇవి పనిచేస్తున్నాయో లేదో ఎలా తేలుస్తాం? వాడుకున్నోళ్లని సర్వే చేస్తే సరిపోద్దంటారు. నాను ఒప్పుకోను.

ఆఫీసుకొచ్చినోళ్లనే అడిగితే, రాలేకపోయినోళ్ల మాట ఎవరు రాస్తారు? పైగా సంతకం పెట్టాల్సినాయనే "బాగుందామ్మా?" అనడిగితే, జవాను పోయిన ఇంటావిడ "బాగుంది బాబూ" అనక ఏటంటాది? అందుకే అడిగేవోళ్లు బయటోళ్లవ్వాల, పేరు రాయించకూడదు. "తృప్తేనా?" అని కాదు, ఎన్నిసార్లు తిరిగారు, బస్సుకెంతయింది, డబ్బులు ఏ నెలలో పడ్డాయి అని అడగాల.

ఇంకోటి. 2022లో తెచ్చిన అగ్నిపథ్ నియమాల ప్రకారం నాలుగేళ్ల తర్వాత 25 శాతం మంది వరకే ఉంచుతారు. మిగతావోళ్లకి పింఛను లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. అంటే మాజీ సైనికుల జాబితా పట్టుకుని సర్వే చేస్తే ఆళ్ల ఇళ్లు లెక్కలోకే రావు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఊరికి సర్వే వస్తే ముందు ఒకటే చూడండి: ఆ జాబితాలో ఎవరి ఇల్లు లేదు?