ఆకుపచ్చ గడి చెప్పనిది

వీల్ అలైన్‌మెంట్ అంటే చక్రాలను తిన్నగా నిలబెట్టడమేనన్న అభిప్రాయం కారు యజమానుల్లోనే కాక, ఆ పని చేసే చాలా దుకాణాల్లోనూ పాతుకుపోయింది. యంత్రం తెర మీద ఎర్రగా ఉన్న గడులు ఆకుపచ్చకు మారగానే పని ముగిసిందనుకోవడం, బిల్లు కట్టి వెళ్లిపోవడం, మళ్లీ ఐదు వేల కిలోమీటర్లకు అదే తంతు జరిపించడం రివాజయింది. నిజానికి ప్రతి చక్రానికీ తయారీ సంస్థ కావాలనే కొంత వాలు, కొంత మెలి ఇచ్చి, ఆ కోణం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండవచ్చునో ఒక పరిధిని నిర్ణయిస్తుంది. కొలత ఆ పరిధిలో పడిందని మాత్రమే ఆకుపచ్చ గడి చెబుతుంది. పరిధిలో ఏ చివర పడింది, కుడి ఎడమలు సమానంగా ఉన్నాయా, ఆ కారును నడిపే తీరుకు అది తగినదేనా అన్నవి చెప్పదు. వారమంతా ఆఫీసుకు తిరిగి, ఎప్పుడో ఒక ఆదివారం రేస్ ట్రాక్ ఎక్కే కారుకు ఈ ప్రశ్నలే అసలైనవి.

ఈ కోణాలు ప్రధానంగా మూడు. కారుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం ఎంత ఒరిగి ఉందో తెలిపేది క్యాంబర్. చక్రం పైభాగం కారు లోపలికి ఒరిగితే నెగెటివ్ అనీ, బయటికి ఒరిగితే పాజిటివ్ అనీ అంటారు. కారును పైనుంచి చూస్తున్నట్టు ఊహించుకుంటే, ఎదురెదురు చక్రాల ముందు అంచులు దగ్గరగా జరిగి ఉండటం టో-ఇన్, ఎడంగా జరిగి ఉండటం టో-అవుట్. కాలివేళ్లు లోపలికి తిప్పి నడవడానికీ, బయటికి పరచి నడవడానికీ ఉన్న తేడాయే ఇది, ఆ పేరు వచ్చింది కూడా కాలివేళ్ల నుంచే. మూడోది క్యాస్టర్: స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ ఊహారేఖ చుట్టూ తిరుగుతుందో ఆ రేఖ, పక్కనుంచి చూస్తే, పైభాగంలో వెనక్కి ఎంత వాలి ఉందో చెప్పే కొలత. ఆ వాలు వల్ల రేఖ నేలను తాకే చోటు, టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందు పడుతుంది గనుక, ఆసుపత్రి స్ట్రెచర్ చక్రం లాగిన వైపుకు సర్దుకున్నట్టే, మలుపు దాటాక స్టీరింగ్ తనంతట తాను నడిమికి వస్తుంది.

రోడ్డుకూ ట్రాక్‌కూ తగవు క్యాంబర్ దగ్గరే మొదలవుతుంది. వేగంగా తిరిగే మలుపులో బరువు బయటి వైపు టైర్ల మీదికి మళ్లి, బాడీ ఆ పక్కకు ఒరిగినప్పుడు, ముందున్న బయటి చక్రం కూడా దానితోపాటు ఒరిగి, టైరు తన బయటి అంచు మీద నిలబడుతుంది. అంటే పట్టు ఎక్కువగా కావలసిన క్షణంలోనే నేలను తాకే రబ్బరు తగ్గిపోతుంది. భారతదేశంలో అమ్ముడయ్యే చిన్న కార్లలో అధికభాగానికి ముందువైపు ఉండేది మాక్‌ఫర్సన్ స్ట్రట్. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే స్తంభంగా కలిసి, చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచే పని కూడా తామే చేసే ఈ అమరిక, దాన్ని రూపొందించిన ఇంజనీరు ఎర్ల్ మాక్‌ఫర్సన్ పేరుతో, 1950 నాటి ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్ల ద్వారా వ్యాప్తిలోకి వచ్చింది. ఖర్చు, చోటు రెండూ కలిసివచ్చే ఈ పద్ధతిలో, కారు ఒరిగేకొద్దీ చక్రానికి తగినంత నెగెటివ్ క్యాంబర్ చేకూరకపోవడం ఒక లోపం. అందుకే మామూలు రోడ్డుకు సున్నా నుంచి ఒక డిగ్రీ దాకా నెగెటివ్ క్యాంబర్ సరిపోయే ఇలాంటి కారుకు, ట్రాక్ మీద 2.5 నుంచి 3.5 డిగ్రీల దాకా ఇవ్వడం వాడుక; నిలబడి ఉన్నప్పుడు లోపలికి ఒరిగిన ఆ చక్రం, మలుపులో బాడీ ఒరిగేసరికి నేల మీద సమంగా పరుచుకుంటుంది. మలుపులు లేని దారిలో మాత్రం అదే చక్రం లోపలి అంచు మీద బరువు మోస్తూ పోతుంది, గట్టిగా బ్రేకు వేసినప్పుడు పూర్తి పట్టు ఇవ్వదు.

ఇక్కడ తేడా తెచ్చేది తారు కంటే మలుపులోని వేగమే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో ఫార్ములా-ఈ పందెం జరిగిన సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్, చాలావరకు హుస్సేన్‌సాగర్ ఒడ్డున రోజూ ఆఫీసు కార్లు తిరిగే దారులే. ఆ దారిలో ఆఫీసుకు వెళ్లే కారు ఏ మలుపులోనూ తన టైరు పట్టులో సగమైనా వాడుకోదు గనుక, పందెపు కారు కోణాలు దానికి పెడితే దక్కేది టైర్ల ఖర్చే.

అయితే టైరు లోపలివైపు అరిగినప్పుడల్లా నేరాన్ని క్యాంబర్ మీద మోపడం సరికాదు. మెకానిక్కుల మాటలో టైరును ‘తినేది’ చాలాసార్లు టో. చక్రం ఒక దిక్కుకు చూస్తూ కారు మరో దిక్కుకు పోతుంటే, టైరు ప్రతి అడుగులోనూ కొంచెం పక్కకు ఈడ్చుకుపోతుంది. ఒక్కో చక్రానికి 0.2 డిగ్రీల టో-అవుట్ ఉందనుకుంటే, లెక్క ప్రకారం కిలోమీటరుకు 3.5 మీటర్ల ఈడ్పు అవుతుంది. ట్రాక్ మీద ఈ స్వల్ప టో-అవుట్ మేలే చేస్తుంది. లోపలి చక్రం ముందే మలుపు వైపు చూస్తూ ఉండటం వల్ల, స్టీరింగ్ కదిలించగానే ముందుభాగం చురుగ్గా తిరుగుతుంది. ఇప్పుడు హైదరాబాదు నుంచి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు సొంత కారులోనే వెళ్లివచ్చే వ్యక్తిని తీసుకుంటే, రానూపోనూ దారి 1200 కిలోమీటర్లకు తక్కువ కాదు. ఆ దూరంలో టైరు పక్కకు ఈడ్చుకుపోయేది నాలుగు కిలోమీటర్లకు పైమాటే, అక్కడి ట్రాక్ పూర్తి చుట్టు 3.7 కిలోమీటర్లే. ఇరవై చుట్లు తిరిగినా ట్రాక్ మీద నడిచేది 74 కిలోమీటర్లని గుర్తుంచుకుంటే, ఏ దారికి ఎంత మొగ్గు చూపాలో ఆ అంకెలే తేల్చిచెబుతాయి.

కాబట్టి రెండు చోట్లా ఒకే కారు నడిపేవారికి తగిన మధ్యేమార్గం, ముందు చక్రాలకు ఒకటిన్నర నుంచి రెండు డిగ్రీల నెగెటివ్ క్యాంబర్, దాదాపు సున్నా టో. టో సున్నాకు దగ్గరగా ఉన్నంతవరకు ఈపాటి క్యాంబర్ వల్ల వచ్చే అరుగుదల, వేళకు టైర్ల చోట్లు మార్చుకుంటూ ఉంటే భరించదగినదే. చాలా కార్లలో ఫ్యాక్టరీ నుంచి క్యాంబర్ మార్చే వీలుండదు గనుక, స్ట్రట్ కింది భాగంలో క్యాంబర్ బోల్టులు గానీ, పైన కదిలే క్యాంబర్ ప్లేట్లు గానీ అమర్చుకోవాలి. వెనక చక్రాలకు టో-అవుట్ ఇచ్చి, ముందు చక్రాలు లాగే కారును ట్రాక్ మీద చురుగ్గా తిప్పే పద్ధతి ఒకటి ఉంది. వానలో హైవే మీద హఠాత్తుగా బ్రేకు వేస్తే ఆ కారు వెనకభాగం పక్కకు విసురుతుంది గనుక, రోడ్డెక్కే ఏ కారుకూ దాన్ని సమర్థించలేము.

కోణాలు ఎంచుకోవడం ఒక ఎత్తు, కొలవడం మరో ఎత్తు. బరువు పెరిగితే కారు కుంగుతుంది, కుంగితే క్యాంబర్, టో రెండూ మారుతాయి. అందుకే రేస్ జట్లు డ్రైవరు సీట్లో అతని బరువుకు సమానమైన బస్తాలు పెట్టి, టైర్లలో గాలి సరిచూసి, సమతలమైన నేల మీదే కొలుస్తాయి. యంత్రాలు లేని చోట నేటికీ పనికివచ్చేది, గోడ కట్టేటప్పుడు తాపీమేస్త్రీ పట్టే దారం వంటి దారమే. కారుకు ఇరువైపులా, నడిమి గీతకు సమాంతరంగా, చక్రాల మధ్యభాగం ఎత్తులో దారం బిగించి, రిమ్ము ముందు అంచు నుంచి దారానికీ, వెనక అంచు నుంచి దారానికీ ఉన్న దూరాలను ఉక్కు స్కేలుతో కొలిస్తే, ఆ రెంటి తేడాయే ఆ చక్రం టో. 15 అంగుళాల రిమ్ము మీద ఒక మిల్లీమీటరు తేడా సుమారు 9 నిమిషాలకు, అంటే డిగ్రీలో ఏడో వంతుకు కొంచెం ఎక్కువకు సమానం. క్యాంబర్ కదిలిస్తే టో కూడా కదులుతుంది కాబట్టి, వెనక చక్రాల పని ముగించి, ముందు చక్రాల క్యాంబర్ బిగించి, టోను చిట్టచివర సరిచేయాలి. క్యాంబర్ సర్ది టోను వదిలేసిన కారు, ముందున్నదానికంటే చెడ్డ స్థితిలో బయటికి వస్తుంది.

చేసిన పనికి చివరి తీర్పు చెప్పేది టైరే. ట్రాక్ నుంచి వచ్చిన వెంటనే రబ్బరులోకి దిగే సూది థర్మామీటరుతో టైరు లోపలి అంచున, నడుమ, బయటి అంచున వేడి చూస్తే, బయటి అంచు మిక్కిలి వేడిగా ఉన్నప్పుడు నెగెటివ్ క్యాంబర్ చాలలేదనీ, లోపలి అంచు విపరీతంగా కాలుతున్నప్పుడు ఎక్కువైందనీ తెలుస్తుంది. రోడ్డు మీద ఆ పని అరుగుదల చేస్తుంది: టైరు మీద అడ్డంగా చెయ్యి పోనిస్తే, ఒక వైపు నున్నగా, ఎదురు వైపు రంపపు పళ్లలా తగిలే అంచులు టో తప్పిందని చెబుతాయి.

అలైన్‌మెంట్ దుకాణాలు సరిచేయక ముందటి కొలతలు, సరిచేశాక వచ్చిన కొలతలు రెండూ ఉన్న కాగితాన్ని అడగకుండానే ఇవ్వాలి. యజమాని దాని మీద తేదీ, కిలోమీటర్ల రీడింగ్ రాసి కారు కాగితాలతోపాటు భద్రపరచాలి. తర్వాతి టైర్లు అరిగిన తీరును ఆ అంకెల పక్కన పెట్టి చూసినప్పుడే, ఫలానా కారుకు, ఫలానా దారులకు, ఫలానా చేతికి తగిన కోణం ఏదో తేలుతుంది.