రంగుల కలము

2017వ సంవత్సరమున హాంబర్గు నగరమందలి మాంట్‌బ్లాంక్ సంస్థవారు బీటిల్సు గాయకుల పేర నొక ఫౌంటెన్ పెన్నును విడుదల చేసిరి. లివర్‌పూలు నగరమున పుట్టి పెరిగిన యా నలుగురు యువకులు 1967లో వెలువరించిన ‘సార్జెంట్ పెప్పర్’ రికార్డునకు అప్పటికి ఏబదియేండ్లు నిండినవి. ఆ రికార్డు అట్టపై మిఠాయి దుకాణమువలె వెలిగిన రంగులు కలముపైకి చారలు చారలుగా దిగివచ్చినవి. మూతకొనను తెల్లని నక్షత్రము, నిగనిగలాడు నల్లని దేహము గలిగి పెద్దమనుష్యుల జేబులలో తరతరములుగా మెలగిన వంశమున నిట్టి పంచవన్నెల చిలుక పుట్టుట చూచి, కలములు సేకరించువారి లోకము రెండుగా చీలినది.

ఆ వివాదమును వినువారికి మొదట నవ్వు వచ్చును. పిమ్మట ఆలోచన కలుగును. కలము గంభీరముగా నుండవలెననియు, ఇది బడిపిల్లవాని రంగుపెన్సిలువలె నున్నదనియు, పదిమందిలో సంతకమునకై జేబునుండి తీయ సిగ్గగుననియు నొక పక్షమువారు వాదింతురు. ఆ పాటలే యట్టివి గదా, బీటిల్సు పేర నల్లకలము చేయుట పెండ్లిపందిట మేళము వలదన్నట్లుండునని రెండవ పక్షమువారు బదులు చెప్పుదురు. మైల్స్ డేవిస్, జిమీ హెండ్రిక్స్, ఎల్విస్ ప్రెస్లీ అను గాయకవాదకుల పేరను ఆ సంస్థవారే కలములు చేసియున్నారు గావున ఈ తగవు ఒక్క కలముతో తీరునదియు గాదు.

ఈ రెండు పక్షముల నడుమ మూడవవాడొకడు కలడు. మాకు నచ్చినవాడు వీడే. వీడు రంగులజోలికి పోక భూతద్దము తీసి పాళీని చూచును. కలమనగా పాళీ, తక్కినదంతయు వస్త్రము. బంగారు పాళీ కొనయందు అరుగుదలకు లొంగని గట్టిలోహపు బిందువు నొకదాని నతికించి, నడుమ వెండ్రుకవాసి చీలిక చీల్చెదరు. పాళీక్రింది నాలుకయందలి సన్నని గాడిగుండ సిరా దిగుచుండగా, దిగిన మేరకు గాలి లోనికి ఎగబ్రాకవలెను. ఈ రాకపోకలు సరితూగినపుడే గీత తెగక సాగును. సిరా పొంగెనా కాగితము పాడు. ఎండెనా తలంపు పాడు. ఈ పనికిని పైనున్న చారలకును ఏ సంబంధమును లేదు. ఆ సంస్థవారి సాదా నల్లకలమునందును బంగారు పాళీయే యుండగా, గాయకుల పేరునకై యిచ్చు అదనపు సొమ్ము దేనికని వీని ప్రశ్న. ఇందులకు తృప్తికరమైన జవాబును మేమింతవరకు వినలేదు.

సేకరించువారిలో మరియొక తెగ గలదు. వీరు కలమును కొని, పెట్టె విప్పి, కన్నులార చూచి, మరల పెట్టెలో పెట్టి బీరువాకు తాళము వేయుదురు. సిరా తగిలినచో వెల తగ్గునట! మీటని వీణను ముసుగుతో నిలువబెట్టి వైణికులమని చెప్పుకొనువారిని మనమును ఎరుగుదుము.

అయినను ఈ రంగులకలముతో మాకు కలహము లేదు. వినోదవస్తువును మనసుపడి కొనువాని సొమ్ము వానిది. ఉల్లాసమును పాడినవారి స్మారకము ఉల్లాసముగనే యున్నది. బీటిల్సు గాయకులు జట్టుగా పాడిన రోజులలోనే వారి బొమ్మలతో బొత్తాములును, భోజనపు డబ్బాలును అమ్ముడుపోయినవి. ఇప్పుడు కలమమ్ముడుపోయినందున వారి కీర్తికి కొత్తగా వచ్చిన మచ్చ యేమియు లేదు.

కాని యా అట్టకథలో మనకు సంబంధించిన ముచ్చట యొకటి గలదు. 1967లో ఆ అట్టకై పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ అను చిత్రకారులు పలువురు ప్రసిద్ధుల ప్రతిమలను గుమిగూర్చి నిలిపిరి. జార్జి హారిసన్ కోరికచే లాహిరీ మహాశయుడు, యుక్తేశ్వరగిరి, యోగానందుడు మొదలగు మన యోగులు అందు చేరిరి. గాంధీ ప్రతిమయు చేరినది. రికార్డులను ముద్రించు ఇ.ఎం.ఐ. సంస్థ యధిపతి సర్ జోసెఫ్ లాక్‌వుడ్ దానిని చూచి, భారతీయులు నొచ్చుకొందురని భయపడి తీసివేయించెను. ఆ భయము మర్యాదనుండి పుట్టినదో, మన దేశపు అమ్మకమునుండి పుట్టినదో విచారింప బనిలేదు. వర్తకుడు జంకెను, గాంధీ సంతనుండి బయటపడెను.

నలువదిరెండేండ్ల పిమ్మట, 2009లో, హాంబర్గు సంస్థవారికి ఆ జంకు కలుగలేదు. వారు గాంధీ పేర బంగారు కలములను చేసిరి. పాళీపై చేతికఱ్ఱతో నడచు మహాత్ముని రూపు చెక్కిరి; కొక్కెమున కాషాయవర్ణపు రత్నమును పొదిగిరి; నూలుకండెను తలపింపజేయుటకై బంగారు తీగను చుట్టిరి. దండియాత్ర 241 మైళ్లని లెక్కగట్టి 241 కలములను చేసి, ఒక్కొక్కదానికి 11 లక్షల రూపాయలకు పైగా వెల నిర్ణయించిరి. ఉప్పుపన్ను నెదిరించి నడచిన నడకలో మైలునకొక బంగారు కలము! ఒక ధర్మకార్యమునకు విరాళమిచ్చిన మాటయు నిజమే. కొందరు సేకర్తలు దానినే చూపి, ఇది గౌరవమే గాని అపచారము గాదని సమర్థించిరి.

న్యాయస్థానము ముందు ఆ సమర్థన నిలుచునది గాదు. చిహ్నములను, నామములను అనుచితముగ వాడరాదని 1950లో మనము చేసికొన్న చట్టము గలదు. కేంద్రప్రభుత్వపు అనుమతి లేనిదే గాంధీ పేరును, రూపును వ్యాపారమునకు వాడరాదని అందు నిషేధము గలదు. ఈ ఆధారముపై కేరళ ఉన్నత న్యాయస్థానమున వ్యాజ్యము పుట్టెను. 2010లో సంస్థవారు మన దేశమున ఆ కలముల అమ్మకమును ఆపివేసిరి. మా మట్టుకు చట్టముకంటె ముందు చెప్పదగిన మాట వేరు. గ్రామపరిశ్రమల నుద్ధరింప బూని రెల్లుకలమును మెచ్చిన మనుష్యునకు బంగారు కలము స్మారకమగుటెట్లు? బీటిల్సువారి కలము వారి పాటను పోలియున్నది. గాంధీ కలము గాంధీని పోలలేదు. మేము చూపు భేదమింతే. ఇది రంగులకును నలుపునకును గల భేదము గాదు.

గాంధీకి తగిన కలము మన రాజమహేంద్రవరముననే పుట్టినది. కోసూరి వెంకటరత్నముగారు స్వదేశీ ప్రబోధముచే ఎబొనైటు కడ్డీలను చేతిపనిగ చెక్కి ఫౌంటెన్ పెన్నులు చేసిరి. కుమరప్పగారి ద్వారా అందిన యట్టి కలముతో వ్రాసి చూచి, బజారులోని పరదేశపు కలములకిది మంచి ప్రత్యామ్నాయముగ తోచుచున్నదని గాంధీ 1935 జూలైలో వారికి లేఖ వ్రాసెను. వ్రాసి చూచిన పిమ్మటనే మెచ్చెను సుమా! పెట్టెలో పెట్టి తాళము వేయలేదు.

ఇచట మన దోషమును గూడ చెప్పవలసియున్నది. నేటికిని మన దేశమున చేతితో చెక్కు కలములలో పెక్కింటికి జర్మనీనుండి వచ్చు పాళీలే తగిలించుచున్నారు. ఉత్తరదేశమున పాళీలు చేయువారు లేకపోలేదు. ఐనను హెచ్చు వెల పెట్టగల సేకర్త దేశీయపు పాళీని చూచి పెదవి విఱచును. దేహము మనది, నాలుక పరులది. హాంబర్గు కలమొకదానికి వెచ్చించు సొమ్ములో కొంతభాగమైనను మన పాళీలు చేయువారికి, లోపములు చూపి మరల చేయించు షరతుతో, ముందుగ ఇచ్చు సేకర్తలు పదిమంది దొరకినచో ఈ పని యేల సాగదు? మూడవవాని భూతద్దమును ఇచట ఉపయోగింపవచ్చును.

పట్టణములలో కలముల ప్రియులు అప్పుడప్పుడు కూడి తమ నిధులను చూచుకొనుచుందురు. ఈసారి కూడినపుడు రంగులకలమును, రాజమహేంద్రవరపు నల్లకలమును కాగితము చుట్టి రూపు దాచి, పాళీకొన మాత్రము కనుపించునట్లుంచి, మన కచేరీలలో వాడు గరుకు కాగితముపై చెరియొక పుటయు వ్రాసి చూడుడు. ఫలితమేదైనను మాకు పంపినచో ఈ పుటయందే ప్రకటింతుము. ఉత్తరము మాత్రము సిరాతో వ్రాయుడు.